రోజూ రెండు పూటలా నడిపించవలెను

ఏ ఆసుపత్రికి వెళ్లినా, ఏ వృద్ధాశ్రమానికి వెళ్లినా నేను మొదట మడమలు చూస్తాను. ఫైళ్లు చూడను. ఫైళ్లదేముంది, కూర్చుంటే ఒక పూటలో రాసేయొచ్చు. మడమను ఒక పూటలో బాగుచెయ్యడం ఎవరి తరమూ కాదు. మంచాన పడ్డ మనిషిని అటూ ఇటూ తిప్పకుండా వదిలేస్తే మడమలు ఎర్రబడతాయి, తర్వాత నల్లబడతాయి, తర్వాత పుండవుతాయి. పైన దుప్పటి కొత్తదే కావచ్చు. అది ఎత్తి చూస్తే అక్కడ మనుషుల్ని ఎలా చూసుకుంటున్నారో తెలిసిపోతుంది. మడమల తర్వాత నాలుక చూస్తాను. ఆ తర్వాత మంచినీళ్ల గ్లాసు మంచానికి ఎంత దూరంలో ఉందో చూస్తాను. చెయ్యి చాస్తే అందని గ్లాసు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ముప్పై ఏళ్లకు పైగా సర్కారు ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. నా నోరు మంచిది కాదని పేరు. నా కింద పనిచేసిన ఆడపిల్లలు నేను వార్డులోకి అడుగుపెడితే గోడకు అతుక్కుపోయేవాళ్లు. పోనీలే, ఆ భయం వల్ల రోగులు నాలుగు పూటలు శుభ్రంగా ఉన్నారు కదా అనుకునేదాన్ని. ఇప్పటికీ అనుకుంటాను.

ఆ పేరు వినే మార్కాపురం సంక్షేమ శాఖ ఆఫీసు నుంచి ఒక అధికారి నాకు ఫోన్ చేశాడు. గిద్దలూరు రోడ్డులో ఒక వృద్ధాశ్రమం ఉంది. దానికి ప్రభుత్వ సాయం వస్తూ ఉండాలంటే అక్కడ ముసలివాళ్లను ఎలా చూస్తున్నారో పరిశీలించి రిపోర్టు రాయాలి. ఆయన సంతకంతో పాటు ఆసుపత్రి పని తెలిసిన మనిషి సంతకం కూడా కావాలి. "మీరైతే ఎవరికీ జంకరని చెప్పినారమ్మా," అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను. దాచుకోవడం ఎందుకు, బాగా పొంగిపోయాను. ఇంట్లో ఖాళీగా కూర్చుని టీవీ చూసే మనిషిని, మళ్లీ ఒకరికి నా అవసరం పడింది.

ఆశ్రమం గేటు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది, తమ పనులు తాము చేసుకోగలిగి, నడవగలిగిన వృద్ధులకు మాత్రమే ప్రవేశం అని. చదివాను. తప్పుగా ఏమీ అనిపించలేదు. ఒకరిద్దరు ఆయాలతో నడిచే చోట మంచాన పడ్డవాళ్లను పెట్టుకుంటే ఎవరు చూస్తారు, ఉన్నదున్నట్టు చెప్పడం నయమే కదా అనుకుంటూ లోపలికి వెళ్లాను.

మేనేజరు నలభై దాటిన మనిషి. చెమటలు పట్టి ఉన్నాడు. టేబుల్ మీద ఫైళ్లు పేర్చి పెట్టి, కుర్చీలు తుడిచి మా కోసం కాచుకొని ఉన్నాడు. అధికారి ఫైళ్ల దగ్గర కూర్చున్నాడు. నేను నేరుగా మంచాల దగ్గరికి నడిచాను. మేనేజరు నా వెనకే వచ్చాడు.

చూడటం మొదలుపెట్టాక నా నోరు ఊరుకుంటుందా? వంటింట్లో నీళ్ల డ్రమ్ముకు మూత లేదు, తిట్టాను. ఇద్దరు ముసలాళ్ల నాలుకలు ఎండిపోయి ఉన్నాయి. ఎందుకని ఆయాను అడిగితే ట్యాంకరు రోజు మార్చి రోజు వస్తుందనీ, సాయంత్రం నీళ్లు తాగితే పక్కలు తడుస్తాయని వాళ్లే వద్దంటారనీ చెప్పింది. "వాళ్లు వద్దంటారు. నువ్వు సరేనంటావు. నీ తల్లయితే సరేనంటావా?" అన్నాను. బాత్రూం నేల పాచి పట్టి ఉంది. గోడకు పట్టుకోవడానికి కడ్డీ లేదు.

"ఇక్కడ ఎవరన్నా పడినారా?" అని మేనేజరును అడిగాను.

"లేదు మేడమ్. ఎవరూ పడలేదు."

ఆయా ఏమీ మాట్లాడలేదు. తిట్లు తిన్న మనిషి కదా, ఎందుకు మాట్లాడుతుంది అనుకున్నాను.

మడమలు మాత్రం అందరివీ బాగున్నాయి. గోళ్లు తీసి ఉన్నాయి. చెవుల వెనక మట్టి లేదు. ఆ మాటకొస్తే నేను పనిచేసిన వార్డులే అన్నిసార్లూ అంత శుభ్రంగా లేవు. చివరి మంచం దగ్గరికి వచ్చేసరికి నా కోపం చల్లారి, ఫర్వాలేదు, మనుషులు మంచివాళ్లే అనే నమ్మకానికి వచ్చేశాను.

చివరి మంచం మీద ఉన్న ముసలామె నన్ను తేరిపార చూసింది.

"నువ్వు నర్సమ్మవి కదూ?" అంది.

గొంతు వినగానే గుర్తుపట్టాను. నా మొట్టమొదటి ఉద్యోగం హనుమంతునిపాడు వైపు ఒక పల్లెలో. ఇరవై రెండేళ్ల పిల్లని, ఇనుప పెట్టె ఒకటి పట్టుకొని బస్సు దిగితే ఆ ఊళ్లో నాకు గది ఇచ్చినవాళ్లు లేరు. ఈమె తన వసారా ఇచ్చింది. సజ్జ రొట్టె, కారం పెట్టింది. పిల్లలకు సూదులు వేయించమంటే జ్వరాలొస్తాయని తల్లులు తలుపులు వేసుకునేవాళ్లు. ఈమె నా ముందు నడిచి ఒక్కో తలుపూ కొట్టేది. "నర్సమ్మ చెప్తే చెప్పినట్టే, నోరు మూసుకొని బిడ్డను పట్టుకో," అని వాళ్లను గదమాయించేది. నా నోటి దురుసు ఎక్కడిదని ఎవరైనా అడిగితే సగం ఆమె దగ్గర నేర్చుకున్నదే. ఆమెకు పిల్లలు లేరు. మొగుడు పోయినాక ఉన్న రెండెకరాలు మరిది కొడుకులు చూసుకున్నారు, ఆమెను తెచ్చి ఇక్కడ చేర్పించారు. ఇదంతా ఆ మంచం మీద కూర్చుని నేను ఐదు నిమిషాల్లో తెలుసుకున్నాను.

"ఏంది పెద్దమ్మా, ఇట్ల చిక్కిపోయినావు?" అన్నాను. ఆమె ముందు నా భాష కూడా పాతదే వచ్చేసింది.

"నువ్వు లావైనావులే, ఇద్దరికీ సరిపోయింది," అంది. నవ్వి, వెంటనే ముఖం ముడుచుకుంది. "కాలు నొప్పిగా ఉండాది అమ్మాయ్. ఒకసారి చూడరాదూ."

"ఎక్కడ నొప్పి?"

ఆమె నా వెనక నిలబడ్డ మేనేజరు వైపు చూసింది. తలుపు దగ్గర ఫోన్ మాట్లాడుతున్న అధికారి వైపు చూసింది. మోకాలి మీద చెయ్యి పెట్టి, "ఇక్కడ" అంది.

"పడినావా ఎక్కడైనా?"

మళ్లీ మేనేజరు వైపు చూసింది. "లేదులే," అంది.

నా కింద చేరిన ప్రతి ఆడపిల్లకూ నేను మొదటి రోజు చెప్పే మాట ఒకటుంది. రోగిని ఒంటరిగా అడగండి, మగవాళ్లను బయటికి పంపించి అడగండి, ఎవరి పోషణలో ఉన్నారో వాళ్ల ముందు అసలు అడగొద్దు. వార్డులో నిలబడి ఇదే మాట ఎన్ని వందల సార్లు అరిచానో. బయటికి పోండి అని ఆ ఇద్దరు మగవాళ్లకు చెప్పడానికి నాకు నోరు లేకనా? గుర్తు రాలేదు. చివరి మంచం, మధ్యాహ్నం దాటింది, వంటింట్లోంచి నేతి వాసన వస్తోంది. గుర్తు రాలేదు, అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. మా పడమటి పల్లెల్లో బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లకు పళ్ల మీద గోధుమ రంగు చారలుంటాయి, నడివయసు దాటేసరికి కీళ్లు బిగుసుకుపోతాయి. మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూసేవాళ్లు ఊరికి పది మంది కనబడతారు. ఓపీలో ముసలామె వచ్చి కాలు నొప్పి అంటే మేము తల కూడా ఎత్తేవాళ్లం కాదు. ఫ్లోరైడ్ అని రాసి నొప్పి మాత్రలు ఇచ్చి పంపేవాళ్లం. అడిగినవాళ్లకూ తెలుసు, చెప్పినవాళ్లకూ తెలుసు. పెద్దమ్మ పుట్టి పెరిగింది ఆ నీళ్ల మీదే. పళ్లు చూశాను, చారలున్నాయి. నాకు అంతే సరిపోయింది.

"ఫ్లోరైడ్ నొప్పులు పెద్దమ్మా. నాకూ మొదలైనాయి. లేచి నిలబడు చూద్దాం," అన్నాను.

ఆమె మంచం కడ్డీ పట్టుకొని లేచింది. పెదవి పళ్ల కింద నొక్కుకుంది. నేను చెయ్యి పట్టుకుంటే నాలుగడుగులు వేసింది. కుడికాలు ఆనించేటప్పుడు ఊపిరి బిగబట్టింది. అదీ చూశాను. చూసి కూడా, కీళ్లు పట్టేసిన మనిషి అట్లాగే నడుస్తుంది అనుకున్నాను.

"చూసినావా, నడుస్తున్నావు. మంచంలో పడుకుంటే ఇంకా బిగుసుకుపోతావు. ఓర్చుకొని నడువు," అని ఆయా వైపు తిరిగి, "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఈ వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించండి. ఏడ్చినా వినొద్దు," అన్నాను.

పెద్దమ్మ మంచం మీద కూలబడి, "నడిస్తే తగ్గుతాదా నర్సమ్మా?" అని అడిగింది.

"తగ్గుతుంది."

"అయితే సరే," అంది. ఆ ముఖంలో వచ్చిన వెలుగు నాకు బాగా గుర్తుంది. నేను బయల్దేరుతుంటే, "సజ్జ రొట్టె తిని శానా రోజులైంది. మళ్లా వస్తే రెండు పట్టుకురా," అంది.

ఎంగిలి పడకుండా పంపితే మాకు మాటొస్తుందని మేనేజరు భార్య విస్తళ్లు వేసింది. పప్పు, గోంగూర, పాయసం. తిన్నాక ఫారం నింపాం. పరిశుభ్రత, ఆహారం, ఆరోగ్య సంరక్షణ, ఒక్కో వరుసకు మూడు గళ్లు: బాగుంది, ఫర్వాలేదు, బాగాలేదు. నీళ్ల దగ్గర ఫర్వాలేదు అని పెట్టి మిగతావన్నీ బాగుంది అని పెట్టాను. సలహాలు అన్న చోట నా గుండ్రటి చేతిరాతతో రెండు రాశాను. బాత్రూంలో పట్టుకొనుటకు కడ్డీ అమర్చవలెను. కీళ్ల నొప్పులున్నవారిని రోజూ రెండు పూటలా నడిపించవలెను. కింద సంతకం పెట్టాను. అధికారి మేనేజరుకు ఒక కాపీ ఇచ్చాడు.

సజ్జ రొట్టెలు తీసుకెళ్లడానికి నాకు నెలన్నర పట్టింది. ఒక వారం చుట్టాల పెళ్లి, ఒక వారం నా ఒంట్లో బాగాలేదు, తర్వాత ఉత్త బద్ధకం. చివరికి ఒక రోజు పొద్దున రొట్టెలు చేసి, గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టుకొని ఆటో ఎక్కాను.

గేటు తీసేసరికి వరండాలో ఆయా పెద్దమ్మను నడిపిస్తోంది. ఆమె చంక కింద చెయ్యి వేసి దాదాపు మోసుకొస్తోంది. పెద్దమ్మ కుడి పాదం వేళ్లు పక్కకు తిరిగి ఉన్నాయి. ఆ కాలు రెండోదానికంటే పొట్టిగా ఉంది. గేటు దగ్గరి నుంచే తెలిసిపోయింది నాకు. నర్సింగ్ చదివే పిల్లకు కూడా తెలుస్తుంది అది, తుంటి ఎముక విరిగిందని.

"ఆపు. ఆపవే, పడుకోబెట్టు," అని కేక వేశాను. ఆ పిల్ల బెదిరిపోయింది. ఇద్దరం కలిసి మంచం మీదికి చేర్చాం. పెద్దమ్మ కళ్లు మూసుకొని ఉంది, బుగ్గల మీద తడి ఉంది, నోరు మాత్రం తెరవలేదు.

నేను ఆయా మీద విరుచుకుపడ్డాను. మనిషివా పశువువా అన్నాను. కాలు అట్ల తిరిగిపోతే కళ్లు కనపడలేదా అన్నాను. ఆ పిల్ల ఏడుస్తూ గోడకు వేలాడుతున్న క్యాలెండరు తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. ప్రతి తేదీ గడిలో నీలం పెన్నుతో రెండు టిక్కులున్నాయి. పొద్దుటిది ఒకటి, సాయంత్రానిది ఒకటి. పేజీ తిప్పాను. వెనక నెలలో కూడా ఉన్నాయి, మేము వచ్చిపోయిన మర్నాటి నుంచి.

"మీరు చెప్పినట్టే చేసినా మేడమ్. ఒక్క పూట కూడా తప్పలేదు," అంది.

"నొప్పని అనలేదా ఆమె?"

"ఏడుస్తాది. ఆపుదామా అవ్వా అంటే వద్దంటాది. నర్సమ్మ చెప్పింది కదా, నడిస్తే తగ్గుతాది అంటాది."

క్యాలెండరు వేలాడిన మేకు పక్కనే నా రిపోర్టు కాపీ అతికించి ఉంది. నడిపించవలెను అన్న వాక్యం కింద ఎవరో ఎర్ర గీత గీశారు.

అప్పుడు, నెలన్నర ఆలస్యంగా, నేను ఆయాను బయటికి పంపి తలుపు వేశాను. మంచం పక్కన కింద కూర్చుని ఆమె చెవి దగ్గర అడిగాను. "పెద్దమ్మా, నిజం చెప్పు. పడినావా?"

ఆమె మూసిన తలుపు వైపు చూసి మెల్లగా చెప్పింది. "ఆ పొద్దు నువ్వు వచ్చేదానికి నాలుగు దినాల ముందర పడినా. బాత్రూంలో. ఆ ఆయా పిల్లే లేపింది. ఎవరికీ చెప్పొద్దని దాని చేతులు పట్టుకున్నా."

"ఎందుకు చెప్పొద్దన్నావు?"

"గేటు మీద రాసినారంట కదా, నడవనోళ్లను ఉంచరని. నేను యాడికి పోదును?"

"నేను అడిగినప్పుడు చెప్పొచ్చు కదా. మోకాలు అంటివే."

"ఆయప్ప పక్కనే నిలబడి ఉండాడు. గజ్జల్లో నొప్పి అని అంతమంది మొగోళ్ల ముందర యాడ చెయ్యి పెట్టి చూపేది? నువ్వు నర్సమ్మవి, నీకు తెలుస్తాదిలే అనుకున్నా."

ఆ మాట విన్నాక నాకు తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. ఇంత కాలం నా కోపం నాకు అండగా ఉండేది. ఆ పూట అది కూడా లేకుండా పోయింది.

మార్కాపురంలో ఎక్స్‌రే తీయించి, అంబులెన్సులో ఒంగోలు తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు చిన్నవాడు, మర్యాదగా మాట్లాడాడు. ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూపించాడు. పడినప్పుడు ఎముక చిట్లి, ముక్కలు ఒకదానిలో ఒకటి దిగి నిలబడి ఉంటుందట. అందుకే మొదట్లో నాలుగడుగులు వేయగలిగిందట. అప్పుడే పడుకోబెట్టి తీసుకొచ్చి ఉంటే రెండు స్క్రూలతో పోయేదట. నడిపించడం వల్ల అది పూర్తిగా జారిపోయింది. ఇప్పుడు పెద్ద ఆపరేషన్ చెయ్యాలి, ఆమె గుండె దానికి తట్టుకోదు. ఇవన్నీ నాకు తెలిసినవే. తెలిసినవే ఒక్కొక్కటిగా మళ్లీ విన్నాను.

"ఈ పరిస్థితిలో ఈమెను ఎవరు నడిపించారమ్మా?" అని అడిగాడు.

"ఆశ్రమం వాళ్లు," అన్నాను.

ఇది రాయడం కోసమే ఇదంతా మొదలుపెట్టానేమో. అంత నోరున్న దాన్ని, ఆ ఒక్క చోట అబద్ధం చెప్పాను.

తర్వాత మార్కాపురం ఆఫీసుకు వెళ్లి, నా రిపోర్టు తప్పు, మార్చాలి అన్నాను. అధికారి నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "అది పైకి పోయిందమ్మా. అయినా ఆశ్రమం తప్పేముంది? మీరు చెప్పిందే కదా చేసినారు," అన్నాడు. ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగాడు. బాత్రూంలో ఇనుప కడ్డీ కూడా బిగించారు. నేను కళ్లతో చూశాను, గట్టిగా ఉంది. నేను రాసిన రెండు సలహాలూ తు.చ. తప్పకుండా పాటించిన చోటును బాగాలేదు అని ఎట్ల రాయడం?

నడవలేని మనిషిని ఆశ్రమం మళ్లీ తీసుకోదు. మరిది కొడుకులకు ఫోన్ చేస్తే, "మీరే ఏదో ఒకటి చూడండి," అన్నారు. పెద్దమ్మను మా ఇంటికి తెచ్చుకున్నాను. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశాను. రెండు గంటలకోసారి అలారం పెట్టుకొని తిప్పాను. కాళ్ల కింద దిండ్లు పెట్టాను. గ్లాసు చేతికి అందేంత దగ్గరగా పెట్టాను. అన్నీ చేసినా మూడో వారంలో ఆమె కుడి మడమ ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. నొప్పికి ఆమె కాలు కదపనివ్వదు. మడమలు చూసి మనుషుల్ని లెక్కగట్టే నా ఇంట్లోనే ఆ పుండు పడింది.

దానికంటే నన్ను ఎక్కువగా చంపింది ఇంకొకటి. పొద్దున నేను బెడ్‌పాన్ తీసుకొని గదిలోకి వచ్చేసరికి ఆమె రెండు మోచేతుల మీద లేవడానికి తంటాలు పడుతూ ఉండేది. "వద్దు పెద్దమ్మా, కదలొద్దు," అంటే, "రేపటికి నడుస్తాలే అమ్మాయ్. కొంచెం ఓర్చుకో, పంపించొద్దు," అనేది.

"ఇది నీ ఇల్లు. నువ్వు నడవక్కర్లేదు. ఎప్పటికీ నడవకపోయినా ఇక్కడే ఉంటావు," అని నెమ్మదిగా చెప్పాను. ఒట్టేసి చెప్పాను. ఒకసారి విసుగొచ్చి అరిచి చెప్పాను. విన్నప్పుడల్లా తల ఊపేది. మర్నాడు పొద్దున మళ్లీ మోచేతుల మీద లేచేది.

ఆమె పోయిన రోజు పొద్దున కూడా లేవబోయింది. నేను భుజాలు పట్టుకొని పడుకోబెట్టాను. "ఈ రోజుకు వద్దంటావా నర్సమ్మా?" అంది. వద్దన్నాను. "అయితే రేపు," అంది. మధ్యాహ్నానికి మాట పడిపోయింది, పొద్దుగుంకే లోపల ఊపిరి ఆగిపోయింది.

నడవమని నేను ఒక్కసారి చెబితే నెలన్నర నమ్మింది. నడవకపోయినా ఉండొచ్చని పోయేదాకా చెప్పాను. అది నమ్మలేదు.